మూడూళ్ళ పేర్లతో అక్షరాభ్యాసం

గద్వాల బజారులో చీరల దుకాణం బోర్డు కనిపిస్తే కొనేవాళ్ళు లోపలికి నడుస్తారు. అక్షరాల డిజైన్ చదువుకునే విద్యార్థి అయితే బోర్డు ముందే ఆగిపోవాలి. ‘గద్వాల’లో ద కింద వ వత్తు ఎంత దిగింది, పైనున్న దీర్ఘం ఎంత సాగింది, చివరి ల మిగతా రెండక్షరాల పక్కన చిన్నబోయిందా అని చూడాలి. మూడక్షరాల మాటే కానీ, తెలుగు అక్షరం గీయడంలోని కష్టం సగం అందులోనే ఉంది.

మిగతా సగం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ చాలు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడి ఏర్పడ్డ ఈ మూడు జిల్లాల పేర్లను తెల్లకాగితం మీద రాసి పెట్టుకుంటే, ఏ కొత్త ఫాంటుకైనా అంతకన్నా మంచి పరీక్ష దొరకదు.

గద్వాలనే తీసుకుందాం. గ నెత్తిన తలకట్టు ఉంది. ద్వా దగ్గరికి వచ్చేసరికి తలకట్టు పోయి ఆ చోట దీర్ఘం వచ్చింది. ల కి అసలు తలకట్టే లేదు. పక్కపక్కనే మూడక్షరాలు, మూడు రకాల నెత్తులు. స్కేలు పెట్టి అన్నిటినీ ఒకే ఎత్తున గీస్తే గుండ్రటి అక్షరం కంటికి చిన్నదిగా కనిపిస్తుంది. దాన్ని గీత దాటించి ఒక వెంట్రుకవాసి పెంచితేనే అన్నీ సమానంగా ఉన్నట్టు అనిపిస్తాయి. బోర్డులు రాసే పెయింటర్ ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవడు. చేతికి అలవాటైపోతుంది.

వనపర్తి ఇంకా చిత్రమైన మాట. మొదటి మూడక్షరాలకీ తలకట్టు ఉంది. వ కీ ప కీ తేడా ఎడమవైపు గీత కలిసిందా, సందు మిగిలిందా అన్నదానిలోనే ఉంది. బస్సు నుదుటి మీద ఆ సందు మూసుకుపోతే వ, ప ఒకటే అయిపోతాయి. అసలు కిటుకు చివర్లో ఉంది. మనం పలికేది ‘ర్’, తర్వాత ‘తి’. రాసేటప్పుడు మాత్రం గుడి ర మీద పెడతాం, త ని వత్తుగా మార్చి కిందికి దించుతాం. పైగా త వత్తుకు త పోలికే ఉండదు. పాత అచ్చు పుస్తకాల్లో దీనికి వేరే దారి ఉండేది. తి ని తి గానే రాసి, ర్ ని దాని కుడిపక్కన తెలుగు తొమ్మిది అంకెలాంటి గుర్తుగా పెట్టేవారు. దాని పేరు వలపలగిలక. ఆ పద్ధతిలో ఈ ఊరి పేరు ‘వనపతి౯’ అవుతుంది. గుడి పలికే అక్షరం మీదే ఉంటుంది, కింద వత్తూ ఉండదు. ఇంత చక్కటి ఏర్పాటు వాడుకలోంచి పోవడం నష్టమే.

నాగర్‌కర్నూల్‌లో కష్టం కంటికి కనపడదు. కంప్యూటర్లో ర్ తర్వాత వెంటనే క కొడితే క వత్తుగా మారి ర కిందికి పోతుంది, పేరు ‘నాగర్కర్నూల్’ అయి కూర్చుంటుంది. రెండూ విడిగా నిలబడాలంటే మధ్యలో వెడల్పు లేని, కనిపించని ఒక గుర్తు పెట్టాలి. కీబోర్డు వాడే చాలామందికి ఆ గుర్తు సంగతే తెలియదు కాబట్టి ఖాళీ వదిలి ‘నాగర్ కర్నూల్’ అని రెండు ముక్కలుగా రాసేస్తారు. అదే మాటలో రెండో ర్ మాత్రం విడిపోకూడదు, న వత్తును కింద మోయాలి. ఒకే పేరులో ఒక ర్ ఒంటరిగా ఉండాలి, ఇంకొకటి జంటగా ఉండాలి. చివరి ల్ మీద పొల్లు సరేసరి.

ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 రూపాలు గీస్తే అక్షరమాల ముగుస్తుంది. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు లెక్కవేస్తే వందల రూపాలు గీయాలి. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో, 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ తెలుగుకు 128 గదులు ఉన్నాయి. కానీ అవి మూల అక్షరాలకూ గుర్తులకూ మాత్రమే. ఏ వత్తు ఏ అక్షరం కింద ఎలా ఒదగాలో ఫాంటు గీసినవాళ్ళే తేల్చుకోవాలి.

ఇంత దూరం వచ్చిన విద్యార్థి అలంపురం చూడకుండా వెనక్కి వెళ్ళకూడదు. తుంగభద్ర ఒడ్డున, గద్వాల జిల్లాలోనే, ఏడు ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. అక్కడ ఆనాటి శాసనాలున్నాయి. అప్పటికి తెలుగు లిపి, కన్నడ లిపి అని రెండు లేవు, ఉన్నది ఒకటే లిపి. ఉలి రాతి మీద తిరిగిన తీరు చూస్తే మన గుండ్రదనం ఎక్కణ్ణించి నడిచి వచ్చిందో వేలితో తడిమి తెలుసుకున్నట్టుంటుంది. ఈ శాసనాలను చదివి లోకానికి చెప్పడానికి అలంపురం పండితుడు గడియారం రామకృష్ణశర్మ ఎంతో శ్రమించారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

రాతి మీద అంత ముందున్న తెలుగు అచ్చులోకి రావడానికి మాత్రం సముద్రం దాటాల్సి వచ్చింది. 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు. కంప్యూటరు కాలంలోనూ పరాయి నేల మీద కొంత పని జరిగింది. పోతన, వేమన ఫాంట్లు చేసిన తిరుమల కృష్ణదేశికాచార్యులు కెనడాలో ఉండి ఆ పని చేశారు.

ఇక ఈ మూడు జిల్లాల సొంత ఫాంటు అనదగ్గది ఒకటుంది. దాని పేరు ‘సురవరం’. గీసినవారు పురుషోత్తమ్ కుమార్ గుత్తుల. సిలికానాంధ్ర సంస్థ ద్వారా అందరికీ ఉచితంగా అందింది. శీర్షికలకూ పోస్టర్లకూ శుభలేఖలకూ పనికొచ్చే నిండైన అక్షరం. ఆ పేరు సురవరం ప్రతాపరెడ్డిది. ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు ఇప్పుడు గద్వాల జిల్లాలో ఉంది. 1952లో ఆయన్ని శాసనసభకు పంపింది వనపర్తి. 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టి, నిజాం రాజ్యంలో తెలుగు అచ్చుకు గౌరవం తెచ్చిన మనిషి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అచ్చుతో అంత పోరాటం చేసిన మనిషి పేరు అచ్చక్షరానికే పెట్టడం ఎంతో సముచితంగా ఉంది.

ఉచితంగా దొరికేవి ఇన్ని ఉన్నా చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్‌తో పొసగని ‘అను’ ఫాంట్ల పాత పద్ధతే నడుస్తోంది. శుభలేఖ అచ్చులో అందంగానే ఉంటుంది. అదే మ్యాటరు ఫోన్లోకి పంపితే అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. విద్యార్థులు మొదట సర్దాల్సిన పని ఇదేనేమో.

ఫ్లెక్సీ వచ్చాక దెబ్బ తిన్నది కుంచె. గోడ మీద సుద్ద పొడి పూసిన దారం లాగి, చిటుక్కున వదిలి గీత వేసుకుని, చదును బ్రష్షును ఏటవాలుగా పట్టి ఎనామిల్ పెయింట్‌తో గ రాస్తే, గీత ఎక్కేచోట సన్నగా, దిగేచోట లావుగా దానంతటదే వస్తుంది. ఫ్లెక్సీ మీద అదే గ ని కంప్యూటర్లో అడ్డంగా సాగదీస్తారు. నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు మాత్రం సన్నగానే మిగిలిపోతాయి. అక్షరం ఉబ్బినట్టు కనిపిస్తుంది. చిత్రకారుడు బాపు చేతిరాత ఇన్నేళ్ళుగా శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా బతికి ఉందంటే, అందులో కుంచె కదలిక ఉండటం వల్లే.

పెయింటర్ రాసిన బోర్డు మీద ఓ మూల చిన్నగా ఫలానా ఆర్ట్స్ అని సంతకం ఉంటుంది. ఫ్లెక్సీ మీద ఆ చేతి సంతకం కనపడదు. మీ ఊళ్ళో కిరాణా కొట్టుదో, బడిదో, రైసుమిల్లుదో పాత బోర్డు దించే రోజు వస్తే, దించేముందు ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీయండి. ఊరి పేరు, తేదీ, మూలనున్న ఆ సంతకం రాసి పెట్టండి. రేపు తెలుగు ఫాంటు గీయబోయే పిల్లలకు అది కావాలి.