బంకు మారితే పైసలు, రాష్ట్రం మారితే రూపాయలు

పెట్రోలు ఎక్కడ చవక అన్న వెతుకులాటకు ఆంధ్రప్రదేశ్‌లోని బేస్తవారిపేట లాంటి ఊళ్లో పెద్దగా అర్థం లేదు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ ధరల పద్ధతి నడుస్తోంది. పొద్దున ఆరింటికి బంకు మిషన్‌లో అంకె మారొచ్చు. బంకు కోడ్‌తో మెసేజ్ పెడితే కంపెనీయే ఆ రోజు ధర చెబుతుంది. కానీ ప్రభుత్వ రంగ కంపెనీలు మూడింటి ధరలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఊరికీ ఊరికీ వచ్చే తేడా ప్రధానంగా డిపో నుంచి ట్యాంకర్ కిరాయి. ఒక రాష్ట్రం లోపలి ఈ తేడాను తగ్గించడానికి 2024 అక్టోబరులో ఆ కంపెనీలే కిరాయిలను సవరించాయి. పొరుగునున్న కంభం బంకులో లీటరు 40 పైసలు తక్కువే అనుకుందాం. ఐదు లీటర్లకు మిగిలేది రెండు రూపాయలు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద, 109 రూపాయల పెట్రోలుతో, ఆ రెండు రూపాయలకు కిలోమీటరు కూడా పోలేం. అసలు ఐదు లీటర్ల కొలతలో 25 మిల్లీలీటర్ల హెచ్చుతగ్గును నిబంధనలే ఒప్పుకుంటాయి. ఆ కొద్ది చెంచాల పెట్రోలు విలువ రెండున్నర రూపాయల పైమాటే! అనుమానముంటే బంకులో ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి చూసుకోవడం కొనేవాడి హక్కు. ఊరు మారడం కన్నా అదే లాభం.

ట్రాక్టరుకు డ్రమ్ముల కొద్దీ డీజిల్ కొనే రైతుకు పైసలు కూడా లెక్కేగా అనొచ్చు. నిజమే, 200 లీటర్లకు 80 రూపాయలు. కానీ డ్రమ్ము దానంతటది ఊరికి రాదు. ప్రైవేటు బంకుల పోటీ ఉందిగా అనే మాట కూడా వినిపిస్తుంది. 2023 జూన్‌లో ప్రైవేటు కంపెనీ నయారా లీటరుకు రూపాయి తగ్గించి అమ్మింది, ఆ ముందటి ఏడాది ప్రైవేటు బంకుల్లో ధర ప్రభుత్వ బంకుల కన్నా ఎక్కువే ఉండేది. దాన్ని నమ్ముకుని దారి మార్చలేం.

రూపాయల తేడా పుట్టేది పన్నులో. 2017లో జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిల్ దాని బయటే ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, డీజిల్ మీద 22.25 శాతం, రెండింటి మీదా లీటరుకు మరో నాలుగు రూపాయలు, 2020 నుంచి రోడ్ల పేరుతో ఇంకో రూపాయి సెస్సు. శాతం లెక్క కావడంతో కిరాయి మీదా వ్యాట్ పడుతుంది. డిపోకు దూరంగా ఉన్న ఊరికి రూపాయి కిరాయి పెట్రోలులో 1.31 అవుతుంది. రాష్ట్రానికి ఆదాయం వద్దా అంటే, కావాలి. అయితే 2024 జూన్‌లో కర్ణాటక పన్ను పెంచాక కూడా బెంగళూరులో డీజిల్ అప్పట్లో 89 రూపాయల లోపే ఉండేది, మన దగ్గర 97 దరిదాపుల్లో ఉండేది. మూడొందల లీటర్ల ట్యాంకుకు ఆ తేడా 2,400 రూపాయలు. బేస్తవారిపేట మీదుగా అనంతపురం దాటి కర్ణాటకలోని బళ్లారి పోయే లారీ మన రోడ్డు మీద నడిచి, మన రోడ్డు సెస్సు కట్టకుండానే అవతల ట్యాంకు నింపుకుంటుంది.