జాతీయ సేవా పథకం: ప్రత్యేక శిబిరంలో విద్యార్థి నాయకత్వం

‘నాయకుడు’ అనే పదానికి మూలం ‘నీ’ అనే సంస్కృత ధాతువు. నడిపించడం, తీసుకొనిపోవడం దాని అర్థం. తెలుగు వాడుకలోని ‘పెద్దరికం’ ఇందుకు భిన్నమైనది. అది వయసు వల్లనో హోదా వల్లనో సంక్రమిస్తుంది. కళాశాల విద్యార్థి సంఘాల్లో నాయకత్వం పేరిట చాలాచోట్ల కనిపించేది ఈ రెండవదే. విద్యార్థి కార్యదర్శి పేరు ఆహ్వానపత్రికలో ఉంటుంది. నిర్ణయం మాత్రం అధ్యాపకుల గదిలో జరుగుతుంది. ఈ స్థితిని పరిశీలించడానికి జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) అనువైన ఉదాహరణ.

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న ఈ పథకం 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభమైంది. ‘నేను కాదు, మీరు’ అన్నది దీని ఆశయవాక్యం. వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. దీనితోపాటు దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. గంటల లెక్క రిజిస్టరులో సులభంగానే నిండుతుంది. నాయకత్వానికి అసలు పరీక్ష శిబిరంలోనే.

ఇంటింటి సర్వేకు వెళ్లిన విద్యార్థికి తొలి గడపలోనే ‘ఇవన్నీ రాసుకుని మాకేం చేస్తారు?’ అనే ప్రశ్న ఎదురుకావచ్చు. అబద్ధపు హామీ ఇవ్వకుండా, మర్యాద తప్పకుండా, తాము చేయగలిగినదేమిటో వివరించడం అక్కడికక్కడే నేర్చుకోవలసిన విద్య. ‘పారిశుద్ధ్యం’ అనే మాటను పక్కనపెట్టి మురుగుకాలువ గురించి మాట్లాడగలగడం కూడా అందులో భాగమే. (తెలుగు శాఖలు ఈ విషయంలో చేయగలిగింది చాలానే ఉంది.)

మొక్కలు నాటాలన్న ప్రణాళికతో వెళ్లిన జట్టుకు, ఊరివారు ముందు కాలువ పూడిక తీయాలని కోరుతున్నట్లు తెలిసిందనుకుందాం. ప్రోగ్రాం ఆఫీసరు కార్యక్రమాన్ని మార్చితే విద్యార్థులు ఆజ్ఞ పాటించినవారవుతారు. రాత్రి సమీక్షా సమావేశంలో వారే వాదించుకుని మార్చుకుంటే నిర్ణయం వారిదవుతుంది, దాని ఫలితమూ వారిదే అవుతుంది. ఒక పూట బియ్యం తక్కువైతే అధికారి చాటుగా సర్దేయడం దయగానే కనిపిస్తుంది గానీ, లెక్క ఎక్కడ తప్పిందో విద్యార్థికి తెలియకుండా పోతుంది. బావులు, విద్యుత్తు, రాత్రి ప్రయాణాలు మాత్రం వేరు. భద్రతను విద్యార్థులకు వదిలివేయరాదు.

పని విభజనలో మరొక లోపం ఉంది. వంట, ముగ్గులు, స్వాగతగీతం అమ్మాయిలకు. సరుకుల డబ్బు, సర్పంచితో సంప్రదింపులు అబ్బాయిలకు వెళ్లిపోతుంటాయి. రోజుకొకరిని శిబిర నాయకులుగా నియమించే పద్ధతి దీన్ని కొంత సరిచేస్తుంది. అయితే తన నిర్ణయపు పర్యవసానం చూడకముందే నాయకుని పదవీకాలం ముగియడం అందులోని చిక్కు. నిన్నటి నాయకురాలే నేటి దినచర్యను రాసి, రాత్రి సమావేశంలో చదివితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

శిబిరం ముగిశాక పంపే నివేదికలో సాధారణంగా హాజరు, ఖర్చు, ఛాయాచిత్రాలు చోటుచేసుకుంటాయి. రెండవ రోజు కార్యక్రమం ఎందుకు మారింది, ఎవరు మార్చారు అన్నది ఆ విద్యార్థుల దినచర్య పుస్తకంలోనే మిగిలిపోతుంది.