కొత్త హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్: మొదటి రోజు వినికిడి

హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కంప్యూటర్ పక్కన బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టె. ముందు వైపు వాల్యూమ్ నాబ్, ఒకటో రెండో జాక్‌లు, సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించే గెయిన్ స్విచ్ ఉంటాయి. వెనక నుంచి డాక్ పంపే సంకేతం లోపలికి వస్తుంది. పాట తాలూకు అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరమే డాక్. అది సాధారణంగా 2 వోల్టుల దాకా ఇస్తుంది గానీ, హెడ్‌ఫోన్‌కు కావలసినంత కరెంటు ఇవ్వలేదు. ఆ కరెంటు సమకూర్చడం, అవసరమైతే వోల్టేజీ పెంచడం యాంప్లిఫయర్ పని. ల్యాప్‌టాప్‌లోనూ, హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ఫోన్‌లోనూ ఇదే పని చేసే చిన్న చిప్ ఉంటుంది. అది చాలనప్పుడే విడిగా పెట్టె కొనాలి.

చాలుతుందో లేదో లెక్క వేసి తెలుసుకోవచ్చు. సెన్‌హైజర్ 1997లో తెచ్చిన హెచ్‌డి 600 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఒక మిల్లీవాట్‌కు 97 డెసిబెల్ శబ్దం ఇస్తుందనుకుందాం. సంగీతంలో క్షణకాలం ఎగసే శిఖరాలు 110 డెసిబెల్ దాకా చెదరకుండా వినిపించాలంటే దానికి 20 మిల్లీవాట్లు, అంటే దాదాపు 2.5 వోల్టులు కావాలి. కరెంటు మాత్రం 8 మిల్లీఆంపియర్లు చాలు. ఫోన్‌కు తగిలించే చిన్న డాంగిళ్లలో చాలావాటి గరిష్ఠం 1 వోల్టు దరిదాపుల్లోనే ఉంటుంది. ఇక పలుచని చదునైన పొరతో మోగే 32 ఓమ్‌ల ప్లానార్ హెడ్‌ఫోన్ ఒక మిల్లీవాట్‌కు 90 డెసిబెలే ఇచ్చే రకమైతే, అదే శబ్దానికి 100 మిల్లీవాట్లు అవసరం. వోల్టేజీ 1.8 సరిపోతుంది, కరెంటు మాత్రం 56 మిల్లీఆంపియర్లకు పెరుగుతుంది. ఓమ్‌లు తక్కువ కాబట్టి తేలిగ్గా నడుస్తుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. చెవిలో పెట్టుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లకు పావు వోల్టు కూడా ఎక్కువే. వాటి కోసం పెద్ద యాంప్లిఫయర్ కొనడం డబ్బు వృథా.

కొత్త పెట్టె తగిలించగానే చాలామందికి పాట విచ్చుకున్నట్టు అనిపిస్తుంది. బాస్ నిండుగా, తాళాల మెరుపు స్పష్టంగా వినిపిస్తాయి. ఆ అనుభూతి నిజమైనదే, కానీ దానికి కారణం చాలాసార్లు వాల్యూమ్. శబ్దం తగ్గేకొద్దీ చెవికి అడుగు స్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా మరుగునపడతాయనీ, పెరిగేకొద్దీ తిరిగి వస్తాయనీ ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రెండు పెట్టెల మధ్య ఒక డెసిబెల్ తేడా ఉంటే వినేవారికి అది ‘ఎక్కువ శబ్దం’గా తోచదు, ‘మంచి శబ్దం’గా తోస్తుంది. అందుకే పాత, కొత్త పరికరాలను పోల్చే ముందు రెండింటి స్థాయినీ సమం చేయాలి. 400 హెర్ట్జ్ టోన్ ఒకటి పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడాలి. రెండు రీడింగుల తేడా 1 శాతం లోపు ఉంటే శబ్దంలో తేడా 0.1 డెసిబెల్‌కు మించదు. ఆ తర్వాత ఏది మోగుతోందో తెలియకుండా మరొకరి చేత మార్పించుకుని వినాలి. ఇంత శ్రమ ఎందుకనిపించవచ్చు గానీ, వేల రూపాయల కొనుగోలు మీద తీర్పు చెప్పడానికి ఇంతకంటే నమ్మదగిన దారి లేదు.

పాట లేకుండా వినవలసినదీ ఉంది. నాబ్‌ను రోజూ వినే స్థాయిలో ఉంచి, పాట ఆపి, నిశ్శబ్దాన్ని వినాలి. సన్నని బుస వినిపిస్తే యాంప్లిఫయర్ గెయిన్ ఆ హెడ్‌ఫోన్‌కు మరీ ఎక్కువని అర్థం. స్విచ్‌ను తక్కువ గెయిన్‌కు మారిస్తే సాధారణంగా తగ్గుతుంది. గుయ్‌మనే మోత వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు లైను నుంచో, ఎర్త్ లూప్ నుంచో వస్తున్నట్టు. ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీసి చూస్తే దోషం ఎక్కడుందో త్వరగా బయటపడుతుంది. మౌస్ కదిలినప్పుడల్లా గరగర వినిపిస్తే అది యూఎస్‌బీ తీగ వెంట వచ్చిన కంప్యూటర్ రొద. డాక్‌కు యూఎస్‌బీ బదులు ఆప్టికల్ కేబుల్ వాడితే ఆ దారి మూసుకుపోతుంది.

ఎడమ కుడి సమతూకం పరీక్షించడానికి తెలుగువారి దగ్గర చక్కటి సాధనం ఉంది. 1950లు, 60లలో ఘంటసాల పాడిన సినిమా పాటలు మోనోలో వచ్చినవి. స్టీరియోగా సవరించని కాపీ ఒకటి పెడితే గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. నాబ్‌ను అడుగుకు తిప్పేకొద్దీ గొంతు ఒక పక్కకు జరిగిందంటే, లోపలి రెండు వాల్యూమ్ ట్రాకులు ఒకే లెక్కన తగ్గడం లేదన్నమాట. మామూలు పొటెన్షియోమీటర్ వాడే చవక యాంప్లిఫయర్లలో అట్టడుగున ఇది తరచుగా కనిపించే లోపం. రాత్రిపూట మెల్లగా వినే అలవాటున్నవారికి ఇది రోజూ ఎదురవుతుంది. ఒకసారి హెడ్‌ఫోన్‌ను తిరగేసి పెట్టుకుంటే తప్పు యాంప్లిఫయర్‌దో, చెవిదో తేలిపోతుంది.

స్వరాన్ని నిజంగా మార్చగలిగేది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు యాంప్లిఫయర్ లోపలే ఎదురయ్యే నిరోధం. హెడ్‌ఫోన్ ఓమ్‌లు అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండవు. 300 ఓమ్‌లని రాసి ఉన్న హెచ్‌డి 600, 100 హెర్ట్జ్ దగ్గర 500 దాటుతుంది. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 120 ఓమ్‌లైతే, మృదంగం ఎడమ మూతలోని గంభీర నాదం పలికే ప్రాంతం ఒక డెసిబెల్‌కు పైగా లేస్తుంది. కొందరికి ఆ నిండుదనం ఇష్టం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వు యాంప్లిఫయర్ల ‘వెచ్చదనం’లో దీని పాలు పెద్దదే. బహుళ డ్రైవర్ల ఇయర్‌ఫోన్లకు మాత్రం ఇది చేటు. వాటి ఇంపెడెన్స్ 30 ఓమ్‌ల నుంచి 5కు పడిపోయేదైతే, 10 ఓమ్‌ల యాంప్లిఫయర్ కూడా స్వరాన్ని 7 డెసిబెల్ వంచేస్తుంది. అందుకే యాంప్లిఫయర్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్న నియమం వాడుకలోకి వచ్చింది.

ఆ నియమానికి బాగా ప్రచారం ఇచ్చినవాడు ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసిన ఒక ఇంజినీరు. 2011లో ఆబ్జెక్టివ్2 అనే యాంప్లిఫయర్ నమూనాను కొలతలతో సహా అందరి ముందూ పెట్టాడు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చకూడదు అన్నది షరతు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అర ఓమ్ దగ్గర ఉంటుంది. రెండు 9 వోల్టుల బ్యాటరీలతోనూ నడుస్తుంది. 2012లో ఆయన రాయడం ఆపేశాడు, అసలు పేరు బయటకు రాలేదు. ఆ తర్వాత షిట్ మాగ్నీ, జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ వంటివి 99 డాలర్లకే వచ్చాయి. మామూలు వినికిడికి లోపం తెలియని యాంప్లిఫయర్ సామాన్యుడికి అందడంలో ఆ అజ్ఞాత ఇంజినీరు పాత్ర గొప్పది.

కొన్ని పెట్టెల్లో ఒక్కో చెవికి సొంత తీగల జత వాడే బాలెన్స్‌డ్ జాక్‌లు ఉంటాయి. నాలుగు పిన్నులవైనా, 4.4 మిల్లీమీటర్లవైనా అవి ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి. అది అక్కరలేని హెడ్‌ఫోన్‌కు వాటితో ఒరిగేదేమీ లేదు. కొన్నాళ్లు మోగితే స్వరం మెరుగవుతుందన్న మాట వాల్వుల విషయంలో కొంత నిజం కావచ్చు. ట్రాన్సిస్టర్ పెట్టె నిమిషాల్లో స్థిరపడుతుంది, ఆపైన అలవాటు పడేది చెవే.

ఆ చెవిని కాపాడుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్ శబ్దం వారానికి 40 గంటలు సురక్షితం. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది. బలమైన యాంప్లిఫయర్‌కు సున్నితమైన ఇయర్‌ఫోన్ తగిలించేటప్పుడు గెయిన్ తక్కువలో, నాబ్ అట్టడుగున ఉండాలి. స్విచ్ వేసినప్పుడు వచ్చే టప్‌మన్న దెబ్బ పోయాక జాక్ గుచ్చి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, అప్పుడు మెల్లగా పైకి తిప్పాలి.