వంశధార ఒడ్డున కళింగనగరము

శ్రీకాకుళము జిల్లాకు పోవు యాత్రికులలో పెక్కుమంది అరసవల్లిలో సూర్యనారాయణస్వామిని సేవించి, శ్రీకూర్మములో కూర్మనాథుని దర్శించి, సాయంకాలపు బండికి తిరుగుముఖము పట్టుదురు. ఆ రెండు క్షేత్రములును అట్టి భక్తికి అర్హములే. కాని, ఆ సీమ చరిత్రలో ముఖ్యభాగము వంశధారానది పొడవునను పరచుకొనియున్నదనియు, నది సముద్రమున కలియు చోటినుండి ఎగువకు సాగిపోయినవారికి బౌద్ధారామముల శిథిలములు మొదలుకొని గాంగరాజుల దేవాలయములవరకు వేయేండ్లకు మించిన కథ వరుసగా కన్నులకు కట్టుననియు ఎరిగినవారు తక్కువ. ఆ వరుసలోనే చూడుడని నా మనవి.

ఈ త్రోవ మనకు చూపినవారు ఒక బడిపంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆంధ్రలోకమంతయు ఎరిగిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై, బోధించు గురువు లేకున్నను పుస్తకముల సాయముతో ప్రాచీనలిపులను స్వయముగా నేర్చుకొనిరి. ముఖలింగములోని శాసనములను చదివి, తూర్పు గాంగుల తామ్రశాసనములలో పదే పదే వినవచ్చు కళింగనగరము ఈ పల్లెయేయని వారు నిరూపింపబూనిరి. అంతకుముందు కొందరు పండితులు నదీముఖముననున్న కళింగపట్నమును ఆ రాజధానిగా తలంచియుండిరి. శాలిహుండము కొండమీది శిథిలములను 1919లో వెలుగులోనికి తెచ్చినవారును పంతులుగారే. ఒక గ్రామీణ ప్రాంతపు ఉపాధ్యాయుడు తన ఊరి చుట్టుపట్లనున్న రాళ్లను శ్రద్ధతో చదివినందున ఒక మహారాజ్యపు రాజధాని మనకు దక్కినది.

శాలిహుండము గార మండలములో, వంశధారకు దక్షిణపుటొడ్డున, కళింగపట్నపు రేవునకు అనతిదూరముననున్నది. రాతిమెట్ల దారిన కొండనెక్కుచుండగా ఇరుప్రక్కల ఇటుక కట్టడముల పునాదులు, స్తూపముల పీఠములు, వర్తులాకారముననో ఏనుగు వీపువలె గుండ్రని వెనుకభాగముతోనో కట్టిన చైత్యగృహముల గోడల అడుగులు ఒకటి తరువాత ఒకటిగా ఎదురగును. పైకి చేరి వెనుదిరిగి చూచినచో, క్రింద పచ్చని పొలములు, వాటి నడుమ ఇసుకతిన్నెల వంశధార, దూరమున సముద్రము. భిక్షువులు ఈ కొండను ఏల ఎంచుకొనిరో చెప్పుటకు ఆ దృశ్యమే చాలును. ఓడరేవు దగ్గరనున్నది, వర్తకులున్నారు, వర్తకులు దానమిత్తురు. అయినను ఊరి సందడి కొండపైకి రాదు. విశాఖతీరమునందలి తొట్లకొండ, బావికొండ విహారములును ఇట్టి ఆలోచనతోనే సముద్రమునకు ఎదురుగా కొండలపై వెలసినవి.

ఈ ఆరామము క్రీస్తుకు పూర్వపు శతాబ్దులలో ఆరంభమై, హీనయాన, మహాయాన, వజ్రయానములు మూడింటిని చూచినది. త్రవ్వకములలో ధాతుకరండములు దొరకినవి. తార, మారీచి మొదలగు దేవతామూర్తులును దొరకినవి. మారీచి బౌద్ధుల ఉషోదేవత. ఆమె మూడు ముఖములలో ఒకటి వరాహముఖము; ఆమె రథమును లాగునవి ఏడు వరాహములని బౌద్ధ ధ్యానగ్రంథముల వర్ణన. అక్కడికి కొన్ని క్రోసుల దూరములోనే అరసవల్లిలో ఏడు గుఱ్ఱముల రథముపై సూర్యభగవానుడు కొలువుతీరియున్నాడు. వేకువ వెలుగునకు మ్రొక్కవలెనను కోరిక రెండు మతములలోను ఇంత దగ్గరగా రూపుదాల్చిన సీమ తెలుగునాట మరియొకటి నాకు తెలియదు. శాలిహుండమున నేడు దీపముపెట్టువారు లేరు గాని, ఆ కొండను చూడక అరసవల్లిని మాత్రమే చూచినవారు సగము కథనే విన్నవారగుదురు.

శ్రీకాకుళమునుండి ఎగువకు 46 కిలోమీటర్ల దూరమున, జలుమూరు మండలములో, నది ఎడమ ఒడ్డున ముఖలింగమున్నది. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అను మూడు శివాలయములలో మొదటిది ప్రధానము. దక్షిణపు తెలుగుసీమలలోవలె అంతస్తులుగా పేర్చిన విమానము గాక, నిట్టనిలువుగా లేచి పైభాగమున మెల్లగా లోనికి వంగు కళింగ శిఖరము ఇచట కనబడును. సోమేశ్వరాలయమునకు ముందు మండపము లేదు. ఆ శిఖరము ఒంటరిగా నిలిచియుండుటచేత దాని పొందిక కంటికి చక్కగా అందును. ద్వారబంధములపై లతలు, వాటిలో చిక్కుకొన్నట్లున్న చిన్నిచిన్ని మానవరూపములు, పైకమ్మిపై గ్రహమూర్తుల వరుస: వీనిని చూచుటకు ఉదయపుటెండలో ఒక గంటయైనను కేటాయింపవలెను. త్వరపడి ముందుకు సాగువారికి ఆ రాయి ఏమియు చెప్పదు.

స్థలపురాణము ఈ స్వామిని ఇప్పచెట్టుతో ముడిపెట్టును. శాపవశమున సవరలుగా పుట్టినవారి నడుమ ఒక ఇప్పచెట్టు పూవుల గురించి కలహము పుట్టగా, నాయకుడు దానిని నరికెననియు, ఆ చెట్టు మొదలునుండి శివుడు ముఖముతో ప్రత్యక్షమాయెననియు కథ. గర్భగృహములో లింగము వెనుక ద్వారము పట్టని పెద్ద మట్టిగోలెమొకటి ఉన్నది. సంతానము కోరి మ్రొక్కుకొన్న ఒక కుమ్మరి దానిని సమర్పించెనని ఊరివారు చెప్పుదురు. రాజధానిగా వెలసిన చోట, రాజులు కట్టించిన గుడిలో, సవర నాయకునికిని కుమ్మరికిని ఇంత చోటున్నది. గిడుగువారు తరువాత సవరభాషను నేర్చి, ఆ భాషకు నిఘంటువు కూర్చుటయు ఈ నేలపై పుట్టినవారికి తగిన పనియే.

1038లో సింహాసనమెక్కిన వజ్రహస్తుడును, 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడును ఈ కళింగనగరపు ప్రభువులే. చోడగంగు రాజ్యము ఉత్తరమునకు విస్తరించిన పిమ్మట రాజధాని కటకమునకు తరలిపోయినది. పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొన్నది ఆతడే. నేడు ముఖలింగము ఒక పల్లె. మహాశివరాత్రికి మాత్రము నదీతీరము జనముతో నిండిపోవును.

ఇక మొదట పేర్కొన్న శ్రీకూర్మమునకు మరలి వత్తము. అచట స్వామి పడమటిముఖముగా ఉండుటచేత ఆలయమునకు రెండు ధ్వజస్తంభములున్నవి. అక్కడి రాతిస్తంభములు పెద్ద శాసనభాండారము. మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు యోగానంద నరసింహుని ప్రతిష్ఠించినట్లు తెలుపు 1281 నాటి శాసనము వానిలో ఒకటి. తక్కినవానిలో అనేకము అఖండదీపములకు చేసిన దానములు. దాత ఎవరు, ఎవరి పుణ్యమునకు ఇచ్చెను, నేతికి పసులనిచ్చెనో పైకమిచ్చెనో, ఆ దీపమును ఏ కులమువారు నడుపవలెనో అన్నియు అందు వ్రాసియుండును. రాజుల జైత్రయాత్రలకన్న ఈ చిన్న దానములు నాకు విలువగలవిగా తోచును. ఏలయన, సామాన్యులైన స్త్రీపురుషుల పేర్లు వేరెక్కడను మిగులలేదు.

ఆ పేర్లకు ఇప్పుడు గొప్ప కీడు మన భక్తివల్లనే కలుగుచున్నది. చెక్కిన అక్షరములపై పసుపు పూయుట, నూనెచేతులు తుడుచుట, ఉత్సవమునకు ముందు స్తంభములకు సున్నము కొట్టుట పాపకార్యములని మనవారెవ్వరును తలపరు. ఎనిమిది వందల యేండ్ల వానకు నిలిచిన అక్షరము పది పూతలకు పూడిపోవును. శాలిహుండమువంటి చోట ఇటుకలపై పేర్లు గీకుకొనుట మరియొక దురాచారము.

కార్తికమునుండి మాఘమువరకు ఇచట ఎండ సహింపదగియుండును; నదీతీరమునకు ఒక దినము, ముఖలింగమునకు ఒక దినము చాలును. జిల్లాలోని ఉపాధ్యాయులకు నాదొక ప్రత్యేక ప్రార్థన. ముఖలింగ, శ్రీకూర్మ శాసనముల పాఠములు దక్షిణ భారత శాసనముల అయిదవ సంపుటములో అచ్చుపడియున్నవి. అందులో నాలుగు పుటలు వెంటబెట్టుకొని, పెద్ద తరగతుల పిల్లలను ఒక స్తంభమువద్దకు తీసికొనిపోయి, ఒక్క పంక్తిని వారిచేత చదివింపుడు.