చాకుకు కొత్త చొక్కా

అమెరికా నుంచి వచ్చిన బాబాయి సూట్‌కేసు తెరవగానే చాక్లెట్ల కింద నుంచి ఎర్రటి మడత చాకు ఒకటి బయటపడేది, గుర్తుందా? పిడి మీద తెల్ల శిలువ, లోపల కత్తెర, స్క్రూడ్రైవర్, సీసామూత తీసే కొక్కెం... పిల్లలంతా చుట్టూ మూగేవారు. ఇరవై ఏళ్లు గడిచినా దాని బ్లేడు నిమ్మకాయను ఇట్టే కోస్తుంది. పిడి మాత్రం ఎప్పుడో కిందపడి పగిలి ఉంటుంది. 'ఇంకేం పనికొస్తుంది, పారేయ్' అనేస్తాం. ఆగండాగండి... చాకుకూ కొత్త చొక్కా తొడగొచ్చు!

నిజానికి స్విస్ చాకు చరిత్ర నిండా పిడి మార్పులే. స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల కార్ఖానా పెట్టాడు. అదే నేటి విక్టోరినాక్స్. 1891 నుంచి స్విస్ సైన్యానికి మడత చాకులు సరఫరా చేశాడు. తుపాకి విప్పాలన్నా, తిండి డబ్బా తెరవాలన్నా సైనికుడికి అదే ఆధారం. అప్పట్లో పిడి నల్లటి ఓక్ కర్రది. కర్ర చిట్లిపోతోందని ఫైబర్‌కి మారారు. 1961లో అల్యూమినియం వచ్చింది. 2008 మోడల్‌తో ప్లాస్టిక్ వచ్చింది. సైన్యమే ఇన్నిసార్లు మార్చినప్పుడు మనం మారిస్తే తప్పేముంది?

మన ఇళ్లకు చేరిన ఎర్ర చాకు 1897లో వచ్చిన ఆఫీసర్ల చాకు సంతతి. ఇందులో 91 మిల్లీమీటర్ల పొడవుండే రకానికి పిడి మార్చడం తేలిక. ఎర్ర పలకలకు మరలుండవు. లోపలి లోహపు చట్రం నుంచి పొడుచుకొచ్చిన రివెట్ల మొనల మీద టిచ్ బటన్‌లా నొక్కి కూర్చోబెడతారు. బ్లేడ్లన్నీ మూసి, చాకును కాసేపు గోరువెచ్చటి కన్నా కాస్త వేడి నీళ్లలో ఉంచి, పలుచటి రేకుతో అంచు నుంచి మెల్లగా లేపితే ఊడొస్తాయి. అల్యూమినియం పిడి రకం జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులో పలకలే చట్రంలో భాగం, రివెట్లు వాటి గుండానే పోతాయి.

మరి కొత్తగా ఏం తొడగాలి? ఈ సరదా ముదిరిన విదేశీయులు టైటానియం దగ్గర్నుంచి కార్బన్ ఫైబర్ దాకా దేన్నీ వదల్లేదు. టైటానియానికి రంగు వేయక్కర్లేదు, కరెంటు పెడితే చాలు. పైన ఏర్పడే ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి అదే నీలంగానో ఊదాగానో కనిపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఖరీదూ ఎక్కువే.

నా ఓటు మైకార్టాకే. పేరు కొత్తగా ఉన్నా వయసు వందేళ్లు పైమాటే. విద్యుత్ పరికరాల ఇన్సులేషన్ కోసం వెస్టింగ్‌హౌస్ సంస్థ తెచ్చిన సరుకిది. గుడ్డనో కాగితాన్నో పొరలుగా పేర్చి, రెజిన్‌లో తడిపి, గట్టిగా నొక్కితే రాయిలా తయారవుతుంది. ఇంట్లోనూ చేసుకోవచ్చు. చిరిగిన జీన్స్ ముక్కలకు ఎపాక్సీ పట్టించి, రెండు చెక్కల మధ్య బిగించి, పూర్తిగా గట్టిపడేదాకా వదిలేయాలి. తర్వాత గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీస్తుంటే పొరలు ఒక్కొక్కటే తేలి కర్ర చారల్లా కనిపిస్తాయి. జీన్సే కానక్కర్లేదు. తాతయ్య పంచె అంచు, అమ్మ పాత నేత చీర... నూలుగుడ్డ ఏదైనా సరే. ఎపాక్సీ కలిపేటప్పుడు చేతులకు తొడుగులు, అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పసిపిల్లలున్న గదిలో అసలే వద్దు.

కర్ర కావాలంటే టేకు, జిట్రేగి బాగుంటాయి. ఎర్రచందనం ఊసెత్తకండి, దంతం అంతకన్నా వద్దు. రెండూ చట్టంతో పేచీ.

మా నాన్న చాకుకు నేను టేకే తొడిగాను. ఊళ్లో పాతిల్లు విప్పేసినప్పుడు గుమ్మం నుంచి దాచుకున్న ముక్క అది. మూడు మిల్లీమీటర్ల మందానికి వడ్రంగి కోసిచ్చాడు. లోపలివైపు రివెట్ల మొనలు కూర్చునేలా గుంటలు తొలచాలి. అంచుకు మరీ దగ్గరగా తొలిచానేమో, మొదటి పలక ఫట్టుమంది. రెండోదీ అంతే. మూడోసారి ముందు సన్నటి బెజ్జం వేసి, తర్వాత పెద్దది చేస్తే నిలిచింది. రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురుతో అతికించి, అవిసె నూనె పట్టించాను. టూత్‌పిక్ దూరే సందు చెక్కడం మాత్రం నా వల్ల కాలేదు.

ఊడదీసిన ఎర్ర పలకల్లో ఒకదాని లోపలివైపు, ఇన్నాళ్లూ ఎవరికీ కనిపించని చోట, సూదితో గీసిన నాన్న పొడి అక్షరాలున్నాయి. అంటే ఆయనా ఎప్పుడో దాన్ని విప్పి చూశారన్నమాట! ఆ పలకల్ని అగ్గిపెట్టెలో పెట్టి అమ్మ బీరువాలో దాచింది.