ఆ గంట ఎవరిది?

“హాబీ” అన్నమాట మా అనంతపురం ఆడవాళ్ళ ముందు అని చూడండి. మొదట నవ్వుతారు. తరవాత కాస్త కోపంగా చూస్తారు. “మాకు హాబీలు యాడివమ్మా? నీళ్ళు పట్టుకునేదానికే పొద్దు సాలదు” అని మా వీధి పెద్దావిడ ఒకరు నా మొహం మీదే అన్నారు. ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. గులాబీ తోటలు, వీణపాఠాలు, రంగుల పెట్టెలు – గృహిణుల విరామవేళలకంటూ చెప్పే వ్యాపకాలలో చాలా భాగం డబ్బు కోరతాయి, లేకపోతే నీళ్ళు కోరతాయి. మాకు ఆ రెండూ కొరతే.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. కృష్ణ ఒడ్డున పెరిగినదాన్ని కనుక ఇక్కడి ఎండ, ఎర్రమన్ను, నల్లరాతి గుట్టలు మొదట్లో నాకు కొత్త. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అవతలే ఆపేస్తాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరాన్ని తడిపి ఇక్కడికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడేదే మా వాన. అది కూడా వేరుశనగ చేనుకు కావలసినప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. 2022లో జిల్లాను రెండు చేశారు. ధర్మవరం, హిందూపురం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. అయితే కరువుకు జిల్లా సరిహద్దులు తెలియవు కదా!

చేను పండని ఏడు మగవాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. ఇల్లు, పిల్లలు, అత్తమామలు, మేకపిల్ల అన్నీ ఇల్లాలి మీద పడతాయి. అట్లాంటి తల్లికి వ్యాపకం గురించి చెప్పబోవడం ఆకలిగొన్నవాడికి తాంబూలం ఇచ్చినట్టు కాదా అని మీరు అడగవచ్చు. కాదనే నా మనవి. రోజంతా ఇతరుల కోసం గడిపే మనిషికే తన కోసమని ఒక గంట మరీ అవసరం.

ఆ గంట ఎక్కడినుంచి వస్తుంది? కొంత నీళ్ళ దగ్గరనుంచే వచ్చింది. 1990ల నడుమ శ్రీ సత్యసాయి మంచినీటి పథకం కింద ఈ ప్రాంతంలో ఏడువందలకు పైగా పల్లెలకు తాగునీరు అందింది. బిందె నడుముకెత్తుకుని దూరపు బావికి వెళ్ళిన ఆడవాళ్ళను అడిగితే, నీళ్ళు మిగిల్చిన పొద్దు ఎంతో వాళ్ళే చెబుతారు. అయితే మిగిలిన పొద్దు ఎవరి చేతిలోకి పోయిందన్నది వేరే ప్రశ్న. ఈనాడు చాలా ఇళ్ళలో అది టీవీ సీరియల్ చేతిలోకో, సెల్‌ఫోన్ చేతిలోకో పోతున్నది. చూడవద్దని నేను అనను. చూసి లేచాక చేతిలో ఏమీ మిగలదే అని మాత్రం అంటాను.

పాత చీరలలో కొత్త బొంత

నాకు తెలిసిన వ్యాపకాలలో మా సీమకు అచ్చంగా సరిపోయేది బొంత కుట్టడం. దీనికి చుక్క నీరు అక్కరలేదు. కావలసిందల్లా చిరిగిన చీరలు, పాత పంచెలు, ఒక దబ్బనం, నూలు దారం. మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళలో దీన్నే కౌది అంటారు. నాలుగు పొరలు పరిచి, పైన రంగురంగుల పేలికలు అతికి, అంచునుంచి లోపలికి వరసగా కుట్టుకుంటూ పోవడమే. పిల్లవాడు ఏడిస్తే దబ్బనం గుడ్డలో గుచ్చి లేవవచ్చు. తిరిగి వచ్చేసరికి పని ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. చంటిపిల్లల తల్లికి ఇంతకంటే ఓర్పుగల నేస్తం దొరకదు సుమా!

మా వీధిలో ఒక కోడలు ఉంది. భర్త బెంగళూరులో కట్టడాల పని. ఇద్దరు పిల్లలు. వాళ్ళు బడికి వెళ్ళాక, మధ్యాహ్నం రెండింటికి వసారాలో కూర్చుని, చనిపోయిన తన తల్లి చీరలతో బొంత మొదలుపెట్టింది. అత్తగారు ఊరుకోలేదు. “అర్ధరూపాయి రాని పనికి ఇంతసేపు కూర్చుంటే ఎట్ల?” అన్నది. కోడలు బదులు చెప్పలేదు. పని కూడా మానలేదు. రోజూ ఆ గంట, ఆ వసారా. నెల తిరిగేసరికి అత్తగారే పెట్టె అడుగునుంచి ఒక పాత ధర్మవరం చీర కొంగు తెచ్చి, “దీన్ని నడిమధ్యలో ఎయ్యి” అన్నది. ఆ తరవాత రెండింటికి ఎవరైనా కోడలిని పిలిస్తే, “ఇప్పుడు కాదులే, పనిలో ఉంది” అని అత్తగారే చెప్పడం నేను విన్నాను. బొంత కంటే ఆ మాట విలువైనదని నా నమ్మకం.

ఇది పేదవాళ్ళ పని అని ముక్కు విరిచేవారికి ఒక సంగతి చెబుతాను. అమెరికాలో అలబామా రాష్ట్రాన ఒక నది వంపులో గీస్ బెండ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు, ఒకనాటి బానిసల సంతతి, పొలంలో వేసుకుని చిరిగిన దుస్తులతోనే తరతరాలుగా బొంతలు కుట్టారు. చలికి పిల్లల మీద కప్పడానికి కుట్టినవే అవి. 2002లో వాటిని హ్యూస్టన్ నగరపు మ్యూజియంలో గోడలకు తగిలించారు. ఆ తరవాత న్యూయార్కు విట్నీ మ్యూజియంలో జనం విరగబడి చూశారు. 2006లో అమెరికా తపాలాశాఖ ఆ బొంతల బొమ్మలతో బిళ్ళలు అచ్చువేసింది. వాళ్ళకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. ఉన్న పేలికలను ఏ వరసలో పెడితే కంటికి ఇంపుగా ఉంటుందో వాళ్ళే నేర్చుకున్నారు. మన బొంతలు గోడకెక్కకపోతే పోనీ, మంచం మీద ఉన్నప్పుడు వాటిని చూసే కన్ను మనకైనా ఉండాలి.

చుక్కలు కలిపే చేయి

తాడిపత్రి నల్లబండ మీద తెల్లని ముగ్గు ఎంత నిండుగా ఉంటుందో ఈ ప్రాంతపు ఇళ్ళు చూసినవారికి తెలుసు. ముగ్గు రోజూ వేసేదే, అందులో వ్యాపకం ఏముంది అంటారేమో. గుమ్మం ముందు అలవాటుకొద్దీ నాలుగు గీతలు గీయడం వేరు, ఒక నోటుపుస్తకం పెట్టుకుని కొత్త మెలికలు కనిపెట్టడం వేరు. తొమ్మిది చుక్కల ముగ్గును పదిహేనుకు ఎట్లా పెంచాలి? గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే ఎట్లా రావాలి? ఇది లెక్కే. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే ముగ్గురు పండితులు మన పక్కింటి తమిళుల కోలాలను పరిశీలించి, కంప్యూటరు బొమ్మల వ్యాకరణానికి వాటిని ఉదాహరణగా తీసుకుని శాస్త్రవ్యాసం ప్రకటించారు. వాకిట్లో వంగి ముగ్గు వేసే ఇల్లాలి వేళ్ళలో అంత గణితం ఉందన్నమాట!

కొత్త నమూనాలు కావాలంటే మనకు లేపాక్షి ఉంది. అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం అది. యాత్రకు వెళ్ళినవారు పెద్ద బసవన్నను, వేలాడే స్తంభాన్ని చూసి తిరిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లల నోటుపుస్తకం, పెన్సిలు వెంట తీసుకువెళ్ళండి. లతామండపంలో స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు చెక్కి ఉన్నాయి. ఒక పక్క ఉన్న నమూనా మరో పక్క లేదు. ముఖమండపం కప్పుకేసి తల ఎత్తితే చిత్రాలలోని స్త్రీల చీరలు చూసి మతి పోతుంది. గీతలు, గళ్ళు, పూలు – ఎన్ని రకాలో! ధర్మవరం నేతగాళ్ళు ఈ నమూనాలను చీర అంచులలోకి ఏనాడో దించుకున్నారు. మనం రుమాలు మీదికో, దిండు గలీబు మీదికో, వాకిట్లోకో దించుకోవడానికి అడ్డేముంది? ఏడాదికి ఒక్కసారి వెళ్ళి నాలుగు నమూనాలు రాసుకువస్తే ఆ ఏడంతా చేతికి పని ఉంటుంది.

కుండ చుట్టూ తోట

తోట మీద మనసున్న తల్లులు మా కరువు చూసి దిగులు పడనక్కరలేదు. కుండతో పెంచే పద్ధతి ఒకటి ఉంది. రెండువేల ఏళ్ళ కిందటి చైనా వ్యవసాయగ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. ఐదారు లీటర్లు పట్టే మట్టికుండ, ఏ పూతా లేనిది, తీసుకోండి. మెడ దాకా భూమిలో పూడ్చండి. చుట్టూ జానెడు దూరంలో బీర, కాకర, గోరుచిక్కుడు గింజలు నాటండి. కుండనిండా నీళ్ళు పోసి మూత పెట్టండి. మూత లేకపోతే నీరు ఆవిరైపోతుంది, దోమలు గుడ్లు పెడతాయి. కుండ గోడలోని సన్నని రంధ్రాలగుండా నీరు మెల్లగా ఊరి వేళ్ళకు చేరుతుంది. మన్ను ఎండినకొద్దీ ఎక్కువ ఊరుతుంది, తడిగా ఉంటే తగ్గిపోతుంది. మొక్క దప్పికను కుండే కనిపెట్టుకుని ఉంటుందన్నమాట. రెండు మూడు రోజులకొకసారి మూత తీసి చూసి నింపితే చాలు.

ఒక్క జాగ్రత్త. బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పోయవద్దు. గంజి పట్టి రంధ్రాలు పూడుకుపోతాయి. ఆ కుడితినీళ్ళు కరివేపాకు మొదట్లోనో, మునగ మొదట్లోనో పోసుకోండి. మా బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ కనుక కొన్నాళ్ళకు కుండ ఊరడం తగ్గిపోతుంది. అప్పుడు దాన్ని తీసి కొత్తది పెట్టుకోవాలి. మా ఇంట్లో మూడు కుండలున్నాయి. పొద్దున్నే మూత తీసి లోపలికి తొంగిచూడడం మా చిన్నదాని పని. ఎంత తగ్గిందో వేళ్ళతో కొలిచి నాకు లెక్క చెబుతుంది.

డబ్బు మాట

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: “వీటితో నాలుగు డబ్బులు వస్తాయా?” రావచ్చు. వస్తే మంచిదే. కాని ఆ దారిలో అడుగుపెట్టేముందు మన నరసాపురం కథ తెలుసుకోవాలి.

గోదావరి జిల్లాల్లో లేసు అల్లికను 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పారు. మేరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు అక్కడి ఇళ్ళలో తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రకటించింది. ఆడవాళ్ళు ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. అది విదేశాలకు పోతున్నది, లాభం వర్తకులకు చేరుతున్నది. అల్లినవారికి మాత్రం అతి తక్కువ కూలి. ఎందుకని? “వాళ్ళు కూలివాళ్ళు కారు, గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు” అన్న ఒక్క మాట వల్ల! తీరిక అన్న మంచిమాటను అడ్డం పెట్టుకుని ఎనిమిది గంటల శ్రమను దాచివేశారు.

కనుక వ్యాపకానికీ కూలికీ మధ్య గీత మనమే గీసుకోవాలి. ధర్మవరం మగ్గాల ఇళ్ళలో పట్టుదారం కండెలకు చుట్టే ఆడవాళ్ళది హాబీ కాదు, పని. నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు రంగులు దిద్దే ఇళ్ళ స్త్రీలది కూడా పనే. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అట్లాంటి కళకు గౌరవమూ దక్కాలి, గంటకు తగిన ప్రతిఫలమూ దక్కాలి. మనకు నచ్చినప్పుడు మొదలుపెట్టి, నచ్చనప్పుడు ఆపగలిగినదే హాబీ. ఆపితే ఎవరైనా కేకలేస్తారంటే అది పని. పనికి లెక్క కట్టి అడగాలి.

మా వీధి కోడలి బొంత చూసి ఒక వర్తకుడు నెలకు పది కుట్టివ్వమన్నాడు. అత్తగారికి ఆశ పుట్టింది. కోడలు వేళ్ళు మడిచి లెక్క వేసింది. రోజుకు ఒక గంట చొప్పున ఒక బొంతకు తనకు రెండు నెలలు పట్టింది. అతను ఇస్తానన్నది దారం ఖర్చు పోగా గంటకు టీ నీళ్ళకు కూడా రాదు. “ఏడాదికి రెండు కుడతానన్నా, నేను చెప్పిన ధరకయితే తీసుకో” అన్నది. అతను మళ్ళీ రాలేదు. ఆమె దిగులు పడలేదు. ఇప్పుడు కూతురి కోసం రెండోది కుడుతున్నది.

సోదరీమణులారా! ఏ పని ఎంచుకోవాలన్నది మీ ఇష్టం. అత్తగారు పాడే లాలిపాటలు, చెప్పే కథలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నా అది గొప్ప వ్యాపకమే. ఆవిడ తరవాత అవి మరెవరి దగ్గరా దొరకవు. అయితే వేళ మాత్రం ఒకటే పెట్టుకోండి. అర్ధగంటైనా సరే, రోజూ అదే వేళ. ఇంట్లో అందరికీ ఆ వేళ తెలియాలి. మొదటి పదిరోజులు అందరూ ఆ వేళకే పిలుస్తారు, ఓర్చుకోండి.

ఇక ఈ పుటలు తిరగవేసే అయ్యలకు ఒక మాట. మీ ఇంటి ఇల్లాలు దబ్బనం పట్టుకుని కూర్చున్న వేళ కాఫీ తాగాలనిపిస్తే, పొయ్యి ఎక్కడుందో మీకు తెలియకపోదు. రెండు గ్లాసులు పెట్టి, ఒకటి ఆవిడకు అందించండి.