చలిగదిలో పని

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో మార్గశిర, పుష్య మాసాలు వచ్చాయంటే తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. నంది కొండను మంచు కమ్ముకుంటుంది. పెద్దవాళ్ళు కంబళి కప్పుకొని, ఇంటిముందు చలిమంట వేసుకొని కూర్చోవడం మీరు చూసే ఉంటారు. అది కాలం తెచ్చే చలి. పొద్దెక్కితే దానంతట అదే తగ్గిపోతుంది. కాని ఏడాది పొడుగునా, నడివేసవిలో సైతం, చలిలోనే పని చేసేవారు మన మధ్య ఉన్నారు. వారు పని చేసే చోట పొద్దెక్కడం అన్నది ఉండదు. ఆ చలిని మనుషులే యంత్రాలతో తయారు చేస్తారు.

మన ప్రాంతంలో పండే సరుకులలో చాలావరకు త్వరగా చెడిపోయేవే. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల ద్రాక్ష, గులాబీ, చేమంతి. చింతామణి మండీలో టమోటా. ఇక ఉర్లగడ్డ సంగతి చెప్పనక్కరలేదు. (పుస్తకాలలో బంగాళాదుంప అని రాస్తాం గాని మన సంతలో ఆ మాట వినబడదు.) పాలను 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చకపోతే ఎక్కువసేపు నిలవవు. విత్తనపు ఉర్లగడ్డను 2 నుంచి 4 డిగ్రీలలో ఉంచుతారు. కోసిన గులాబీలకు కూడా ఇంచుమించు అంతే చలి కావాలి. ద్రాక్షకు సున్నాకు దగ్గరగా ఉండాలి. ఐస్‌క్రీంకైతే సున్నాకు దిగువన 18 డిగ్రీలు. పట్టుకు పేరుపడ్డ శిడ్లఘట్ట మనకు దగ్గరే గదా! బైవోల్టిన్ రకం పట్టుపురుగు గుడ్లను నెలల తరబడి నిద్రావస్థలో నిలిపి ఉంచడానికి 5 డిగ్రీలు, 2.5 డిగ్రీల చలిగదులు అవసరం. ఎండుమిరప, చింతపండు కూడా రంగు చెడకుండా ఉండడానికి శీతల గిడ్డంగులకు చేరుతాయి. వీటినే అందరూ కోల్డ్ స్టోరేజీలు అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గిడ్డంగి తలుపు పక్కన ఒక ఉష్ణమాపకం ఉంటుంది. అది సరుకు కోసం పెట్టినది. టమోటాను 10, 12 డిగ్రీలకు దిగువన ఎక్కువకాలం ఉంచితే చలిదెబ్బ తగిలి రుచి, రంగు పాడవుతాయని వ్యాపారికి తెలుసు. కనుక దానిని ఉర్లగడ్డ గదిలో పెట్టడు. కాని బస్తాలు మోసే మనిషి ఆ ఉర్లగడ్డ గదిలో ఎంతసేపు ఉండవచ్చునో ఏ ఉష్ణమాపకమూ చెప్పదు. చలి యంత్రాల చరిత్ర కూడా సరుకుతోనే మొదలయింది. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఆధునిక ఎయిర్ కండిషనింగ్‌కు రూపం ఇచ్చాడు. అది ఒక ముద్రణాలయంలో ఉక్క వల్ల కాగితం సాగి రంగులు సరిగా కుదరకపోవడాన్ని ఆపడానికే గాని, అచ్చు వేసేవారి సుఖం కోసం కాదు.

మనిషి శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు. బయట చలి ఎక్కువైనప్పుడు శరీరం ముందుగా గుండె, మెదడు వంటి ముఖ్య అవయవాలను కాపాడుకుంటుంది. అందుకోసం చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతివేళ్ళకు, కాలివేళ్ళకు రక్తం తగ్గుతుంది. వేళ్ళు కొంకర్లు పోతాయి, పట్టు తప్పుతుంది. చలిలో జరిగే ప్రమాదాలలో చాలా వాటికి ఇదే మూలం. మొద్దుబారిన వేళ్ళతో పట్టిన బస్తా జారుతుంది, నిచ్చెన మెట్టు అందదు. తరువాత వణుకు పుడుతుంది. వణుకు అంటే కండరాలు కదిలి వేడి పుట్టించడమే. అది శరీరం చేసే మంచి పనే. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తూ, మగత కమ్ముతూ ఉంటే మాత్రం అది అపాయకరమైన గుర్తు. లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు జారిందంటే వైద్యసహాయం తప్పదు. రక్తనాళాలు ముడుచుకున్నప్పుడు రక్తపోటు పెరుగుతుంది గనుక గుండెజబ్బు ఉన్నవారికి చలిగది మరింత కష్టం. ఉబ్బసం ఉన్నవారికి కూడా అది కష్టమే.

ఇంతకంటె ముఖ్యమైనది తడి. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా శరీరం నుంచి వేడిని లాగివేస్తుంది. చలిగదిలో తడి ఎక్కడిది అని మీరు అడగవచ్చు. 50 కిలోల బస్తాను భుజాన వేసుకొని గిడ్డంగి మెట్లు ఎక్కే హమాలీకి 4 డిగ్రీల చలిలో కూడా చెమట పడుతుంది. బస్తా దించి రెండు నిమిషాలు నిలబడగానే ఆ చెమటే మంచునీరవుతుంది. ఏప్రిల్ నెలలో బయట 36 డిగ్రీల ఎండ, లోపల 4 డిగ్రీలు. లారీకి, గదికి మధ్య పూటకు ఎన్నోసార్లు తిరుగుతాడు. ఒక్కొక్క గడప దాటుడుకు 32 డిగ్రీల తేడాను ఆ ఒళ్ళు భరించాలి. ఒక్క మందపాటి కోటు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదని దీనివల్ల తెలుస్తుంది. లోపల చెమటను పీల్చే పలుచని బట్ట, పైన ఉన్ని, ఆపైన గాలి చొరని చొక్కా ఉండాలి. తలకు టోపీ, చేతులకు తొడుగులు, జారని బూట్లు ఉండాలి. తడిసిన లోపలి బట్ట మార్చుకోవడానికి పొడిబట్ట, మార్చుకునే చోటు ఉండాలి. కొంతసేపు పని, ఆపై వెచ్చని గదిలో విరామం, వేడివేడి టీ లేక గంజి. ఈ వరుస పాటించాలి. కొందరు చలికి మందని సారాయి తాగుతారు. అది చర్మంలోని నాళాలను తెరిచి ఒంట్లోని వేడిని బయటికి పంపుతుంది. వెచ్చగా అనిపిస్తుంది గాని నిజానికి శరీరం మరింత చల్లబడుతుంది.

చలిగదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. తలుపు లోపలినుంచి కూడా తెరుచుకునేట్లు ఉండాలి, లోపల గంట మీట ఉండాలి. సాయంత్రం తాళం వేసేముందు తలలు లెక్కపెట్టాలి. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని ప్రాణాలు వీటి మీదనే ఆధారపడి ఉన్నాయి. పెద్ద గిడ్డంగులలో చాలావాటిని చల్లబరచేది అమ్మోనియా. అది కారితే కళ్ళు, ఊపిరితిత్తులు మండిపోతాయి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని, గాలివాటున పరుగెత్తకుండా గాలికి అడ్డంగా తప్పుకోవాలి. ఈ హెచ్చరికను గోడమీద ఇంగ్లీషులో రాసి పెడితే ఎవరికి ప్రయోజనం? మన ప్రాంతంలో ఇంట్లో తెలుగు, కచేరిలో కన్నడం. పనిచేసేవారికి ఏ భాష వస్తుందో ఆ భాషలో చదివి వినిపించడమే సరైన పద్ధతి.

ఇక చట్టం మాట. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షనులో, పనిగదిలోని ఉష్ణోగ్రత కార్మికులకు సహేతుకమైన సౌకర్యాన్ని ఇచ్చేట్లు, ఆరోగ్యానికి హాని కలగనీయకుండా ఉండాలని చెప్పారు. సరుకును శీతల గిడ్డంగిలో నిలువ చేయడం కూడా ఫ్యాక్టరీ పని కిందికి వస్తుందని 1976 సవరణ స్పష్టం చేసింది. అంతకుముందు అది వట్టి గోదాము పనే గదా అని వాదించడానికి వీలుండేది. 2020లో పార్లమెంటు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిని ఆమోదించింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, పాత ఫ్యాక్టరీల చట్టం స్థానాన్ని తీసుకొంది. గాలి, ఉష్ణోగ్రత, తేమ సరిగా ఉండేట్లు చూడడం యజమాని బాధ్యత అని 23వ సెక్షను చెబుతుంది. భద్రత కోసం ఇచ్చే వస్తువులకు, చేయించే వైద్యపరీక్షలకు కార్మికుని వద్ద డబ్బు పట్టుకోకూడదని 6వ సెక్షను చెబుతుంది. అంటే ఉన్ని చొక్కా ఖరీదును కూలిలో కోయకూడదు. ఇచ్చిన చొక్కాను వేసుకోవడం మాత్రం కార్మికుని విధి. అదీ ఆ స్మృతిలోనే ఉంది.

చట్టంలో ఇన్ని ఉన్నా ఒకటి లేదు. సహేతుకమైన సౌకర్యం అంటే ఎన్ని డిగ్రీలు? పాత చట్టంలో ఆ సెక్షనులో చలికి అంకె వేయలేదు. బ్రిటన్‌లో 1992 నియమావళితో పాటు వచ్చిన మార్గదర్శకాలు మామూలు పనిగదికి కనీసం 16 డిగ్రీలు, శ్రమతో కూడిన పనికి 13 డిగ్రీలు ఉండాలంటాయి. సరుకు కోసమే చల్లగా ఉంచవలసిన గదులకు ఆ అంకెలు వర్తించవు. అక్కడ దుస్తులు, విరామం, వెచ్చని గది ద్వారా మనిషిని కాపాడాలి. అంకె లేనంత మాత్రాన హక్కు లేదనుకోరాదు. అయితే అంకె లేనిచోట ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగితేనే హక్కు కదులుతుంది. కార్మికుని ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది. మానవోచితమైన పని పరిస్థితులు కల్పించాలని రాజ్యాంగం 42వ అధికరణం రాజ్యాన్ని ఆదేశిస్తుంది.

ఈ స్మృతి ప్రధానంగా పదిమంది లేక అంతకుమించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. నలుగురు హమాలీలతో నడిచే చిన్న గిడ్డంగి దీని పట్టులోకి రాదు. ఇది పెద్ద లోటే. మేస్త్రి ద్వారా వచ్చిన కూలీల విషయం వేరు. యాభైమంది లేక అంతకుమించి కాంట్రాక్టు కూలీలు ఉన్నచోట, వారికి ఈ సదుపాయాలు కల్పించవలసినది మేస్త్రి కాదు, అసలు యజమానే. ‘వాళ్ళు నా మనుషులు కారు’ అని అతడు తప్పించుకోలేడు.

చలి బాధ గిడ్డంగులతోనే ఆగదు. బాగేపల్లి నుంచి బెంగుళూరు సుమారు వంద కిలోమీటర్లు. మీ అన్నలు, అక్కలు ఎందరో అక్కడి ఆఫీసులలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో బీరువాలో ఒక శాలువా ఎప్పుడూ ఉంచుకునే అమ్మాయిలు కనిపిస్తారు. దీనికి కారణం ఉంది. ఆఫీసు గదుల ఉష్ణోగ్రత ప్రమాణాలకు 1960 దశకంలో ఆధారంగా తీసుకున్నది నలభై ఏళ్ళ వయసు, 70 కిలోల బరువు గల పురుషుణ్ణి. ఆ లెక్క స్త్రీల శరీరంలో పుట్టే వేడిని 35 శాతం వరకు ఎక్కువగా చూపవచ్చునని 2015లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులిద్దరు ప్రకటించారు. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేట్లు తయారుచేయాలనే నియమం ఉంది. ఇక్కడ చలి సరుకుకు అవసరమైనది కూడా కాదు. మీట తిప్పితే తగ్గుతుంది. అందువల్ల ఆఫీసులో అడగడం సులభం, గిడ్డంగిలో అడగడమే కష్టం.

అడిగే పద్ధతి తెలిసి ఉండాలి. ‘చలికి చచ్చిపోతున్నాం సార్’ అని నోటిమాటగా చెబితే ఆ పూటకు నవ్వి ఊరుకుంటారు. ఏ గది, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఉష్ణమాపకం ఎంత చూపింది, ఎందరు ఎంతసేపు లోపల ఉన్నారు అని వారం రోజులు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఎవరికైనా వేళ్ళు మొద్దుబారినా, దగ్గు పట్టినా డాక్టరుకు చూపించి చీటీ తీసుకోవాలి. అప్పుడు నలుగురూ కలిసి సంతకాలు చేసి యజమానికి అర్జీ ఇవ్వాలి. ఏం కావాలో అందులో విడివిడిగా రాయాలి: ఇన్ని జతల తొడుగులు, ఇంతసేపు విరామం, తలుపుకు లోపలి గడియ. భద్రత గురించిన సమాచారం అడిగే హక్కు స్మృతిలోని 14వ సెక్షను ఇస్తుంది. ప్రాణాపాయం ఉందని గట్టి అనుమానం కలిగితే యజమానికి తెలపడంతోపాటు ప్రభుత్వ తనిఖీ అధికారికి కూడా తెలపవచ్చు. అర్జీ కన్నడంలో రాయించుకుంటే కచేరిలో త్వరగా కదులుతుంది. రాసినదాన్ని సంతకం చేసేవారందరికీ తెలుగులో చదివి వినిపించాలి. బడిలో రెండు భాషలూ నేర్చుకుంటున్న మీరు ఆ పని చేసిపెట్టగలరు. వకీలు అవసరమైతే, 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం లభిస్తుంది. తాలూకా కోర్టులోని న్యాయసేవల సమితి దగ్గర విచారించాలి. అర్జీని రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందినట్లు సంతకం, తేదీ వేయించుకొని ఇంట్లో భద్రంగా దాచుకోవాలి.